పొయ్యి పక్కన బూట్లు

ఎం.ఏ. ఇంగ్లీషు విద్యార్థులకి ‘యాంగ్రీ యంగ్ మెన్’ గురించి ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. జాన్ ఆస్‌బోర్న్ నాటకం ‘లుక్ బ్యాక్ ఇన్ యాంగర్’ (1956) సిలబస్‌లో ఉండేది. దానికి తోడుగా డేవిడ్ స్టోరీ రాసిన ‘దిస్ స్పోర్టింగ్ లైఫ్’ (1960) నవల కూడా చదవమనేదాన్ని. కోపం ఎవరిది, ఆ కోపానికి వర్గ మూలాలేమిటి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ సమాజంలో కార్మికవర్గపు కుర్రవాడికి ఊపిరాడకపోవడం ఎలాంటిది... ఈ ప్రశ్నల చుట్టూనే పాఠం నడిచేది. ఒక ఏడాది నవలతోపాటు 1963లో లిండ్సే ఆండర్సన్ తీసిన సినిమా కూడా క్లాసులో చూపించాను. సినిమా అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బొగ్గుగనుల ప్రాంతం నుంచి వచ్చిన ఒకమ్మాయి చెయ్యెత్తి అడిగింది: “మేడం, ఆమె భర్త ఫ్యాక్టరీలో చనిపోయాడు కదా. కంపెనీ ఏమిచ్చింది?”

నేను తడుముకున్నాను. హీరో కోపం గురించి, అతని ఒంటరితనం గురించి నలభై నిమిషాలు మాట్లాడగలిగిన నాకు ఆ ఒక్క ప్రశ్నకి చటుక్కున జవాబు దొరకలేదు. జవాబు నవలలోనే ఉంది, సినిమాలోనూ ఉంది. ఎన్నోసార్లు చదివాను కూడా. కానీ అది కథకి మూలమని నాకు తోచలేదు. గనిలో మనిషి పోయిన ఇళ్లలో ఏడుపు సద్దుమణగక ముందే వచ్చే మొదటి ప్రశ్న అదేనని ఆ అమ్మాయికి తెలుసు. నాకు తెలియదు.

ఆ ప్రశ్న పట్టుకుని నవలని మళ్లీ చదివాను. ఈ వ్యాసం ఆ రెండో చదువు గురించే.

కథ క్లుప్తంగా చెప్తాను. ఉత్తర ఇంగ్లండ్‌లోని ఒక పారిశ్రామిక పట్టణం. ఆర్థర్ మేచిన్ అనే యువకుడు (సినిమాలో ఇతని పేరు ఫ్రాంక్) రగ్బీ లీగ్ క్లబ్బులో ఫార్వర్డ్‌గా చేరతాడు. బలం, మొండితనం, అవసరమైతే క్రూరత్వం... ఈ మూడింటితో ఊళ్లో హీరో అయిపోతాడు. డబ్బు వస్తుంది, కారు వస్తుంది, పెద్దవాళ్ల పార్టీలకి పిలుపులొస్తాయి. అతను అద్దెకుండేది మిసెస్ హామండ్ అనే వితంతువు ఇంట్లో. ఆమెకి ఇద్దరు చిన్నపిల్లలు. భర్త ఎరిక్ వీవర్ అనే పెద్దమనిషి ఫ్యాక్టరీలో పనిచేస్తూ ప్రమాదంలో చనిపోయాడు. మేచిన్ ఆమె ప్రేమ కావాలంటాడు. ఆమె ఇవ్వదు, లేదా అతను కోరిన రూపంలో ఇవ్వదు. చివరికి ఆమె మెదడులో రక్తస్రావమై ఆసుపత్రిలో చనిపోతుంది. అతను మళ్లీ మైదానంలోకి వెళ్తాడు.

ఈ కథలో ఆట ఊరికే వెనక తెరలా ఉండదు. అందుకని ఆ ఆట పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇంగ్లండ్‌లో రగ్బీని మొదట శాసించినవాళ్లు పెద్ద బడుల్లో చదువుకున్న దక్షిణాది భద్రలోకులు. ఆటకి డబ్బు తీసుకోవడం వాళ్ల దృష్టిలో నీచం. ఉత్తరాదిన యార్క్‌షైర్, లాంకషైర్ జిల్లాల్లో ఆడేవాళ్లు గని కార్మికులు, మిల్లు కార్మికులు. శనివారం ఆటకి వెళ్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి మేరకైనా ఇవ్వమని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. దాన్ని ‘బ్రోకెన్ టైమ్’ చెల్లింపు అనేవారు. పెద్దలు ఒప్పుకోలేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై విడిపోయాయి. రగ్బీ లీగ్ అలా పుట్టింది. 1906లో జట్టులో ఆటగాళ్లని పదమూడు మందికి తగ్గించుకుని తమ ఆటని తాము తీర్చిదిద్దుకున్నారు. రెండో రగ్బీ, అంటే యూనియన్, ఆటగాళ్లకి డబ్బివ్వడాన్ని బాహాటంగా ఒప్పుకోవడానికి 1995 దాకా పట్టింది.

శ్రమకి, అందులో పోయిన కాలానికి లెక్క కట్టాలన్న పట్టుదల నుంచి పుట్టిన ఆట ఇది. క్రీడల చరిత్రలో ఇంత స్పష్టమైన వర్గ చైతన్యం అరుదు. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే 1895లో ఆ హోటల్ గదిలో కూర్చున్న మగవాళ్లు కట్టిన లెక్కలో, ఆదివారం ఆ బురద బట్టలు ఉతికిన చేతుల సంగతి లేదు. ఆటలో కాలు విరిగి మంచానపడ్డవాడికి ఎవరు చాకిరీ చేశారన్న సంగతీ లేదు. మిసెస్ హామండ్ కథ ఆ లెక్కకు రాని చోట మొదలవుతుంది.

ఫార్వర్డ్ అంటే ఎవరు? పదమూడు మందిలో ఆరుగురు ఫార్వర్డ్‌లు. తలలూ భుజాలూ ఒకరికొకరు ఆనించుకుని స్క్రమ్‌లో తోసేది వీళ్లే. బంతిని పట్టుకుని ఎదుటివాళ్ల శరీరాల గోడలోకి దూసుకెళ్లి నాలుగడుగులు సంపాదించి పడిపోయేది, లేచి మళ్లీ అదే పని చేసేది వీళ్లే. స్టోరీ నవల రాసిన కాలానికి ఒక జట్టు ఎన్నిసార్లు పడినా బంతి పోగొట్టుకోనంతవరకు దాని దగ్గరే ఉంచుకోవచ్చు. 1966లో నాలుగు ట్యాకిళ్ల పరిమితి వచ్చింది, 1972లో అది ఆరు అయింది. అంతకుముందు ఫార్వర్డ్ పనికి అంతనేది ఉండేది కాదు. వీళ్లు ఒళ్లు హూనం చేసుకుని దారి చేస్తే, వెనకనుండే వేగగాళ్లు పరిగెత్తి స్కోరు చేస్తారు. చప్పట్లలో పెద్ద వాటా వాళ్లకే దక్కుతుంది.

ఎప్పటికీ పూర్తి కాని పని, ఇవాళ చేసింది రేపటికి చెరిగిపోయే పని, ఎవరో ముందుకెళ్లడానికి కింద ఉండి మోసే పని. ఇది మనకి బాగా తెలిసిన పనే. ఇంటిపనికి ఇంత దగ్గరగా ఉన్న పని క్రీడల్లో ఇంకోటి లేదేమో. ఈ లెక్కన మిసెస్ హామండ్‌ని ఆ ఊళ్లో అందరికంటే బాగా అర్థం చేసుకోవలసినవాడు మేచినే. అతనికి ఆ పోలిక తట్టదు. ఎందుకంటే అతని పనికి చెక్కు వస్తుంది, పేరు వస్తుంది, పేపర్లో ఫొటో వస్తుంది. ఆమె పనికి వారంవారం అతనిచ్చే అద్దె తప్ప ఏమీ రాదు. ఆ అద్దెలోనే అతని తిండి, అతని గది శుభ్రత, అతని గాయాల మీద కాపడం, అతని అరుపులు భరించడం అన్నీ కలిసిపోయాయి.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు చెప్పాలి. కంపెనీ ఏమీ ఇవ్వలేదు. ఎరిక్ కావాలనే ప్రాణం తీసుకున్నాడేమోనన్న అనుమానం పైకి తెచ్చి నష్టపరిహారం ఎగ్గొట్టారు. ఆ ఫ్యాక్టరీ యజమాని వీవరే రగ్బీ క్లబ్బుని నడిపే పెద్దల్లో ఒకడు. నవలలో మేచిన్ కూడా ఆ వీవర్ ఫ్యాక్టరీలోనే లేత్ మీద పనిచేస్తుంటాడు. అంటే ఒక కార్మికుడి చావుకి పైసా రాల్చని చెయ్యే ఇంకో కార్మికుడి భుజాలకి చెక్కు రాసిచ్చింది. సినిమాలో ఆ చెక్కు వెయ్యి పౌన్లు. మేచిన్ పొంగిపోతూ ఆ చెక్కు తెచ్చి ఆమెకి చూపిస్తాడు. ఆమె మొహంలో సంతోషం కనిపించదు. అతనికి అది అసూయలాగా, రాతిగుండెలాగా తోస్తుంది. నేను కూడా చాలాకాలం అలాగే చదివాను. ఇప్పుడు చూస్తే ఆ గది మొత్తంలో లెక్క తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ప్రాణమున్న శరీరానికి వీవర్ ఏం కడతాడో, ప్రాణం పోయిన శరీరానికి ఏం కడతాడో ఆమె రెండూ చూసింది. ఈ మనిషికి కూడా రేపు ఏమవుతుందో ఆమెకి తెలుసు. సంతోషపడమంటే ఎలా పడుతుంది?

ఆమె చనిపోయిన భర్త బూట్లకి పాలిష్ చేసి పొయ్యి పక్కన పెట్టుకుంటుంది. ఈ బూట్ల గురించి విమర్శకులు చాలా రాశారు. గతంలో బతుకుతున్న మనిషి, దుఃఖంలో గడ్డకట్టిపోయిన మనిషి, ప్రేమించే శక్తి పోగొట్టుకున్న మనిషి అన్నారు. మేచిన్‌కైతే ఆ బూట్లు చూస్తేనే ఒళ్లు మండుతుంది. బతికున్న తనకంటే చచ్చినవాడి బూట్లు ఎక్కువా అని. కానీ ఆ ఇంట్లో ఎరిక్ గురించి చివరి మాట ఎవరిది? కంపెనీది. అతను తన చావు తానే తెచ్చుకున్నాడన్నది ఆ మాట. ఆ మాటని కోర్టులో ఎదుర్కోవడానికి ఆమెకి డబ్బు లేదు, వెనక యూనియన్ లేదు. ఆ బూట్లు తుడిచి రోజూ పొయ్యి పక్కన పెట్టడం ఒక్కటే ఆమె చేతిలో ఉంది. అతను పనికి వెళ్లిన మనిషి, పని నుంచి రావలసిన మనిషి అని ఆ బూట్లు చెప్తాయి. నాకది జబ్బుగా కనిపించడం లేదు. తీర్పుని ఒప్పుకోని ఒక మనిషి మాట లేకుండా రోజూ దాఖలు చేసే అప్పీలులాగా కనిపిస్తోంది. మేచిన్ ఒక గొడవలో ఆ ఆత్మహత్య మాటనే ఆమె మొహాన కొడతాడు. తనకి తెలియకుండానే వీవర్ నోటితో మాట్లాడతాడు. నవల మొత్తంలో అతను చేసిన అన్నిటికంటే పెద్ద హింస అదేనని నాకనిపిస్తుంది. చెంపదెబ్బ దాని తర్వాతే.

చెంపదెబ్బ కూడా ఉంది. తోటి ఆటగాడు మారిస్ పెళ్లిలో ఆ ఘటన జరుగుతుంది. అంతకుముందు మేచిన్ ఆమెకి బొచ్చు కోటు కొనిచ్చాడు. ఆ కోటు వేసుకుని వీధిలోకి వస్తే ఇరుగుపొరుగు ఏమనుకుంటారో ఆమెకి తెలుసు. ‘ఉంచుకున్నది’ అంటారు. పెళ్లిపందిట్లోనో పేరంటంలోనో ఆ మాట తాలూకు చూపులు తగిలిన ఆడవాళ్లకి ఆమె సిగ్గుని వివరించి చెప్పనక్కర్లేదు. తన పరువు పోయిందన్న బాధ ఆమె బయటపెడుతుంది. అతను కొడతాడు. ఇచ్చినవాడికి కృతజ్ఞత రావాలి కదా! అంతకుముందు ఖరీదైన హోటల్‌కి తీసుకెళ్లినప్పుడూ ఇదే వరస. వెయిటర్ల ముందు తన మోటుతనాన్ని ప్రదర్శించి, పెద్దవాళ్ల మర్యాదల్ని ఎగతాళి చేశాననుకుంటాడు. ఆ బల్ల దగ్గర తలవంచుకుని కూర్చున్నది మాత్రం ఆమె. పై వర్గం మీద తిరుగుబాటు చేయాలనుకున్నవాడు దాని ఖర్చు పక్కనున్న ఆడమనిషి ఖాతాలో రాశాడు. జిమ్మీ పోర్టర్ కోపం అంతా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ ఆలిసన్ మీద కురిసినట్టే. ఆ తరం రచయితల కోపంలో నిజం లేదనను. ఆ కోపం వీవర్ గుమ్మం దాకా వెళ్లదు. ఇంట్లోనే అయిపోతుంది.

ఆమె పేరు విషయం కూడా చూడండి. మేచిన్ ఆ ఇంట్లో తిని, ఆమెతో పడుకుని, ఆమె పిల్లల్ని ఎత్తుకుని ఆడించిన తర్వాత కూడా దాదాపు చివరిదాకా ఆమె అతనికి ‘మిసెస్ హామండ్’ గానే ఉంటుంది. సినిమాలో ఆమె పేరు మార్గరెట్. ఆ పేరు గుర్తుంచుకునే ప్రేక్షకులు తక్కువ. చనిపోయిన మగవాడి పేరుతో పిలిపించుకుంటూ, బతికున్న మగవాడి చేత ‘ఇంకా వాణ్ణే తల్చుకుంటావేం’ అని తిట్టించుకోవడం!

అయితే ఈ నవల మీద నా ఫిర్యాదు అంత తేలిగ్గా తెమలదు. కారణం, స్టోరీ నిజాయితీ. కథ మొత్తం మేచిన్ నోటితో, ‘నేను’ అంటూ సాగుతుంది. ఆ గొంతుకి ఆమె అర్థం కాదు. అయినా ఆ గొంతు చెప్పే వివరాల మధ్య ఆమె మనకి కనిపిస్తూనే ఉంటుంది. ఆమె ఎక్కడ చేతులు వెనక్కి తీసుకుందో, ఎప్పుడు గదిలోంచి లేచి వెళ్లిపోయిందో, ఏ మాటకి నవ్వు రాబోయి ఆగిందో అన్నీ చెప్తాడు. అర్థం మాత్రం తప్పు చెప్తాడు. ఈ తప్పుని పట్టుకునే పని రచయిత మనకే వదిలేశాడు. కథకుడి మాట నమ్మకుండా అతని సాక్ష్యాన్ని మాత్రం తీసుకోవడం స్త్రీవాద విమర్శ మనకి నేర్పిన చదువు. 1960లో వచ్చిన నవలకి ఆ చదువు పదేళ్లు ఆలస్యంగా అందింది. కేట్ మిల్లెట్ ‘సెక్సువల్ పాలిటిక్స్’ 1970లో గాని రాలేదు.

ఇంకో సంగతి. మేచిన్ శరీరాన్ని కూడా ఈ నవలలో అందరూ చూస్తారు, తూకం వేస్తారు. అతన్ని క్లబ్బుకి పరిచయం చేసిన ముసలి జాన్సన్ అతని చుట్టూ మైమరచి తిరుగుతాడు. ఆ చూపు మిసెస్ హామండ్‌కి నచ్చదు. వీవర్ అతని భుజం మీద చెయ్యేస్తే అది గుర్రాన్ని కొన్నవాడి చెయ్యి. వీవర్ భార్య అతన్ని ఇంటికి పిలిచి తన విసుగుకి మందుగా వాడుకోబోతుంది. అతను ఒప్పుకోకపోతే ఆ ఇంట్లో అతని స్థానం మారిపోతుంది. అంగడిలో పెట్టిన శరీరం ఎలా ఉంటుందో, చూపులు ఒంటిమీద పాకడం ఎలా ఉంటుందో ఈ మగవాడికి తెలిసింది. మగ రచయితలు మగ పాత్రకి ఈ అనుభవాన్ని ఇవ్వడం అప్పట్లో మామూలు విషయం కాదు. కానీ తెలిసిన దాన్ని మేచిన్ ఏం చేసుకున్నాడు? ఇంటికొచ్చి తను కూడా కొనేవాడే అయ్యాడు. కోటు, కారు షికారు, పిల్లలకి బొమ్మలు... వీటన్నిటికీ బదులుగా ఒక్క మాట అడిగాడు: నన్ను ప్రేమిస్తున్నానని చెప్పు. ఆమె ఆ మాట చెప్పలేదు. ఇంట్లో అతను కొననిది ఆ మాట ఒక్కటే మిగిలింది. అది కూడా ఇచ్చేస్తే ఆమెకంటూ ఏం మిగిలేది?

నవల మొదట్లో మేచిన్ ముందు పళ్లు విరుగుతాయి. స్క్రమ్‌లో దెబ్బ తగిలి నోరంతా రక్తం. అది క్రిస్మస్ ముందురోజు. అంత పండగ వేళ కూడా డెంటిస్టుని వెతికి పట్టుకుంటారు. ఆ మత్తులోనే అతనికి పాత సంగతులు గుర్తుకొస్తూ సగం కథ నడుస్తుంది. పళ్లు పీకించుకుని నేరుగా వీవర్ పార్టీకి వెళ్తాడు. వేలమంది చూసిన గాయం, క్లబ్బు బాధ్యత తీసుకున్న గాయం, మర్నాటికి కథగా మారిపోయే గాయం అది. సినిమా చివర్లో ఆసుపత్రి మంచం మీద మిసెస్ హామండ్ ముఖం మీద సన్నటి రక్తపు చార కనిపిస్తుంది. గోడ మీద సాలీడు. పక్కన మేచిన్ ఒక్కడే ఉన్నాడు. ఆమె తలలో ఆ నరం ఎప్పటినుంచి నలుగుతోందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. మొదటి రక్తానికి కారణం అందరికీ తెలుసు. రెండో రక్తానికి కారణం వెతకాలన్న ఆలోచనే కథకి రాలేదు.

నా అసలు ఫిర్యాదు ఇక్కడ. ఆమె చావు కథలో అతని దుఃఖానికి తలుపు తీయడానికి వస్తుంది. ఆమె పోయాకే అతనికి తన ఒంటరితనం తెలుస్తుంది. ఖాళీ ఇంట్లో అతను ఏడుస్తుంటే మన గుండె కరుగుతుంది. కరగాల్సిందే, అంత బాగా తీశాడు ఆండర్సన్. కానీ ఆ ఇద్దరు పిల్లలు ఏమయ్యారు? తండ్రి పోయి, తల్లి పోయి, లిండా, ఇయన్ ఎవరి పంచన చేరారు? హీరో కన్నీళ్ల మీద నిలిచిన కెమెరా ఆ వైపు తిరగదు. మగవాడికి జ్ఞానోదయం కావడానికి ఆడది చచ్చిపోయే కథలు ఎన్ని చదవలేదు మనం, ఎన్ని భాషల్లో!

స్టోరీ జీవితం తెలిస్తే ఈ లోపం ఎక్కడినుంచి వచ్చిందో కొంత అర్థమవుతుంది. 1933లో వేక్‌ఫీల్డ్‌లో గని కార్మికుడి ఇంట్లో పుట్టాడు. లీడ్స్ రగ్బీ లీగ్ క్లబ్బుతో ఒప్పందం చేసుకుని, అక్కడి రెండో జట్టుకి ఆడుతూ, లండన్‌లో స్లేడ్ చిత్రకళా విద్యాలయంలో చదివాడు. వారమంతా దక్షిణాన బొమ్మలు, వారాంతంలో రైలెక్కి ఉత్తరాన బురద. రెండుచోట్లా పరాయివాడే. తనలోని ఈ చీలికని అతను ఉత్తరం, దక్షిణంగా, శరీరం, ఆత్మగా, పురుషత్వం, స్త్రీత్వంగా చెప్పుకున్నాడు. శరీర లోకం గురించి ‘దిస్ స్పోర్టింగ్ లైఫ్’ రాశాడు. రెండో లోకం గురించి అదే ఏడాది ‘ఫ్లైట్ ఇన్‌టు క్యామ్‌డెన్’ ప్రచురించాడు. అది ఒక గని కార్మికుడి కూతురు తన నోటితో చెప్పే కథ. పెళ్లయినవాడితో లండన్ వెళ్లిపోయిన అమ్మాయి కథ. ఆ అమ్మాయి పేరు మార్గరెట్.

ఈ విభజననే నేను ఒప్పుకోలేను. శరీరం మగవాడిది, ఆత్మ ఆడదానిది అన్న మాట వినడానికి మనకి గౌరవంగానే ఉంటుంది. కానీ దానివల్లే మిసెస్ హామండ్‌కి శరీరం లేకుండా పోయింది. బొగ్గు మోసే నడుము, గుడ్డలు పిండే చేతులు, రెండు కాన్పులు చూసిన ఒళ్లు ఆమెది. ఆ వీధిలో మేచిన్‌తో సమానంగా కష్టపడ్డ శరీరం ఏదైనా ఉంటే అది ఆమెదే. రచయిత ఆమెని ‘అందని మనసు’గా చూశాడు కాబట్టి ఆమె అలసటని కూడా మనసు గడ్డకట్టడంగానే చూపించాడు. రెండు ఉద్యోగాల బరువు మోసి సాయంత్రానికి మాట్లాడే ఓపిక లేక కూర్చున్న ఆడవాళ్లని ‘మొహం మాడ్చుకుంది’ అనే ఇళ్లు మనకీ తెలుసు.

ఆ శరీరాన్ని ఆమెకి కొంత తిరిగి ఇచ్చింది రచయిత కాదు, నటి. రేచల్ రాబర్ట్స్ వేల్స్‌లో పుట్టిన నటి. ఆమె మిసెస్ హామండ్‌ని చూస్తే భుజాలు ముందుకి ముడుచుకుని ఉంటాయి. మాటలు పెదవి దాకా వచ్చి ఆగిపోతాయి. ఒకచోట పిల్లలతో ఆరుబయట తిరుగుతున్నప్పుడు మాత్రం ఒళ్లు కొంచెం విప్పారుతుంది. ఆ ఒక్క దృశ్యం వల్ల మనకి తెలుస్తుంది, ఈ మనిషి పుట్టుకతో ఇలా లేదని. మేచిన్‌గా నటించిన రిచర్డ్ హారిస్‌కి 1963 కాన్ ఉత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. రాబర్ట్స్‌కి బ్రిటిష్ ఫిల్మ్ అకాడమీ బహుమతి వచ్చింది. ఇద్దరూ ఆస్కార్‌కి నామినేట్ అయ్యారు. తర్వాతి చరిత్రల్లో ఈ సినిమా ‘హారిస్ సినిమా’గానే మిగిలిపోయింది. రాబర్ట్స్ 1980లో 53 ఏళ్లకే పోయింది. ఆమె డైరీలు 1984లో ‘నో బెల్స్ ఆన్ సండే’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఈ పాత్ర గురించి ఆలోచించేవాళ్లు ఆ డైరీలు కూడా చదవాలని నా మనవి.

ఇదంతా అరవయ్యేళ్ల కిందటి సంగతి కదా అనొచ్చు. ఆ ఆటలోనే తర్వాత జరిగిన రెండు విషయాలు చెప్తాను. 2021 నుంచి బ్రిటన్‌లో కొందరు మాజీ రగ్బీ లీగ్ ఆటగాళ్లు ఆట పాలక సంస్థ మీద న్యాయపోరాటం చేస్తున్నారు. తలకి పదేపదే తగిలిన దెబ్బల వల్ల తమ మెదడు దెబ్బతిందని, తమకి తగిన రక్షణ కల్పించలేదని వాళ్ల ఆరోపణ. వయసు మళ్లకముందే మతిమరుపు ముంచుకొచ్చిన భర్తల్ని చేయిపట్టి నడిపించేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. శరీరానికి ఎంత ఇచ్చారు, అది పాడైతే ఎంత ఇస్తారు అన్న ప్రశ్న మళ్లీ కోర్టు గుమ్మం ఎక్కింది. మిసెస్ హామండ్ ఎక్కలేకపోయిన గుమ్మం అది.

రెండోది ఆడవాళ్ల ఆట. స్త్రీల రగ్బీ లీగ్ ప్రపంచకప్ మొదటిసారి 2000లో బ్రిటన్‌లో జరిగింది. స్త్రీల సూపర్ లీగ్ 2017లో మొదలైంది. 2023లో చాలెంజ్ కప్ స్త్రీల ఫైనల్ మొదటిసారి వెంబ్లీ మైదానంలో జరిగింది, సెయింట్ హెలెన్స్ జట్టు లీడ్స్‌ని ఓడించింది. ఆ మైదానంలో ఫార్వర్డ్‌లుగా తలలు ఆనించి తోసినవాళ్లలో పగలు వేరే ఉద్యోగాలు చేసుకుని సాయంత్రాలు సాధనకి వచ్చినవాళ్లున్నారు. స్టోరీ ఆడిన లీడ్స్ క్లబ్బు, దానితోపాటు యార్క్ క్లబ్బు 2023 సీజన్‌కి గాని తమ మహిళా జట్లకి డబ్బివ్వడం మొదలుపెట్టలేదు. వాళ్లే మొదటివాళ్లు. పోయిన కూలి కట్టివ్వమని 1895లో పుట్టిన ఆటకి, ఆడవాళ్ల కూలి గుర్తుకు రావడానికి 128 ఏళ్లు పట్టింది.

మిసెస్ హామండ్ ఆ తరంలో పుట్టి ఉంటే ఫార్వర్డ్ అయ్యేదని నేను అనను. ఆమెకి ఆటంటే ఇష్టమున్నట్టు నవలలో ఎక్కడా లేదు. ఆమె కోరింది అంతకంటే తక్కువ, అంతకంటే కష్టం. తన భర్త చావుకి ఒక న్యాయమైన మాట, తన ఇంట్లో తను తలెత్తుకుని తిరగగలగడం.

ఆ అమ్మాయికి ఆ రోజు నేను చెప్పిన జవాబు ఒక్క ముక్క: “ఏమీ ఇవ్వలేదు.” ఆమె తల పంకించి, “అందుకే మేడం, ఆమె ఎవరినీ నమ్మలేదు” అంది. మళ్లీ నోటుబుక్కు వైపు తల వంచుకుంది. తర్వాతి ఏడాది నుంచి ఆ పాఠానికి ప్రశ్నపత్రం మార్చాను. ‘మేచిన్ కోపానికి వర్గ మూలాలు వివరించండి’ అన్న పాత ప్రశ్న అలాగే ఉంచాను, దాని అవసరం తీరలేదు. దాని కింద ఇంకో ప్రశ్న చేర్చాను: ఎరిక్ హామండ్ బూట్లకి పాలిష్ ఎవరు చేశారు, ఎందుకు చేశారు?